ఆన్‌లైన్ పాఠం ప్రతి విద్యార్థికీ అందాలంటే: డిగ్రీ కాలేజీల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు డిగ్రీ కాలేజీల్లో పనిచేసే తోటి లెక్చరర్లు, విద్యార్థులు, అప్పుడప్పుడు వాళ్ల అమ్మానాన్నలు నన్ను అడిగిన ప్రశ్నలివి. నేను డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతాను, కంప్యూటర్ చదువు చదవలేదు. కాబట్టి ఇక్కడ రాసిన పనులన్నీ మామూలు ఫోన్, మామూలు వర్డ్ ఫైల్‌తో అయ్యేవే.

మా క్లాసులో వైకల్యం ఉన్నవాళ్లు ఎవరూ లేరు మేడం, మాకు ఇదంతా అవసరమా?

లేరని మీకు ఎట్లా తెలిసింది? నిజంగానే అడుగుతున్నాను. చక్రాల కుర్చీయో తెల్ల కర్రో కనిపిస్తేనే మనం లెక్కలోకి తీసుకుంటాం. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 ఉన్నాయి. కొత్తగా చేరినవాటిలో డిస్లెక్సియా (అక్షరాలు చదవడంలో ఇబ్బంది) లాంటివి, ఆటిజం, తలసేమియా, సికిల్ సెల్ అనే రక్త జబ్బులు ఉన్నాయి, అంటే మనిషిని చూసి పోల్చుకోలేనివి చాలానే. సరిగ్గా వినపడని అమ్మాయి మొదటి బెంచీలో కూర్చుని మీ పెదవులు చూసి పాఠం అర్థం చేసుకుంటూ ఉంటుంది, ఆ సంగతి పక్కన కూర్చున్న స్నేహితురాలికి కూడా చెప్పదు. ఆన్‌లైన్ క్లాసులో నెట్ ఆదా అవుతుందని మీరు కెమెరా ఆపేశారనుకోండి, ఆమెకు పాఠం ఆ నిమిషంలోనే ఆగిపోతుంది.

మన నల్గొండ జిల్లా సంగతి వేరే చెప్పాలి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయినవాళ్లు ఉన్నారు. మిషన్ భగీరథ పథకం నీళ్లు వచ్చినా, ఒకసారి వంగిన ఎముక మళ్లీ నిటారు కాదు. ఫ్లోరోసిస్ పేరు ఆ 21లో విడిగా లేదు, కాళ్లూ చేతులూ కదపడం కష్టమైతే చలన వైకల్యం కింద చూస్తారు. వేళ్లు బిగుసుకుపోయిన మనిషికి ఫోన్ తెరమీద ఆవగింజంత బటన్ నొక్కడం ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచించండి.

చేతిరాత నోట్స్ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను. అందరికీ చేరుతోంది కదా, తప్పేంటి?

నేనూ అదే చేశాను కాబట్టి దీనికి కొంచెం పెద్ద జవాబు చెబుతాను. 2020లో కాలేజీలు మూసేసినప్పుడు రోజూ నాలుగైదు పేజీలు రాసి, ఫోటోలు తీసి పెట్టేదాన్ని. దేవరకొండ వైపు తండా నుంచి వచ్చే ఒక అబ్బాయికి చూపు లేదు. నేను పెట్టిన ప్రతి ఫోటోనూ రాత్రి వాళ్ల చెల్లె చదివి వినిపించేది. పత్తి ఏరే రోజులు రాగానే ఆ పిల్ల పొద్దున పోయి చీకటి పడ్డాక వచ్చేది, అలసిపోయి పడుకునేది. దాదాపు నెలన్నర అతనికి నోట్స్ లేవు. సెమిస్టర్ చివర ఫోన్ చేసి ఇంకేదో అడుగుతూ ఈ సంగతి చెప్పాడు, అది కూడా ఫిర్యాదులా కాదు. "టైప్ చేసి పంపితే నా ఫోనే చదువుతుంది మేడం" అన్నాడు. అప్పటిదాకా నాకు ఆ ఒక్క ముక్క తెలియదు, అడగాలని కూడా తోచలేదు.

ఫోటో ఫోన్‌కు ఒక బొమ్మ మాత్రమే, అందులో అక్షరాలు ఉన్నాయని దానికి తెలియదు. అదే పాఠాన్ని టైప్ చేసి పంపితే ఫోన్ పైకి చదువుతుంది, చూపు తక్కువున్నవాళ్లు అక్షరం పెద్దది చేసుకుంటారు, పరీక్ష ముందు మిగతా పిల్లలు కావలసిన పదం వెతుక్కుంటారు. ఫైలు సైజు కూడా ఫోటో కన్నా చాలా తక్కువ.

టైపింగ్ రాదంటారా, ఫోన్ కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడండి, అదే టైప్ చేస్తుంది. తప్పులు వస్తాయి, ఒకసారి చదివి దిద్దండి. ఇప్పటికే ఉన్న ఫోటోలనైతే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలుగా మారుతుంది, తెలుగు కూడా. అచ్చు పేజీలు బాగానే వస్తాయి, చేతిరాత అయితే ఆగమాగం చేస్తుంది, కాబట్టి ఆ పని మైకుకే వదిలేయండి.

నా దగ్గర అను ఫాంట్లలో చేసిన తెలుగు నోట్స్ పదేళ్లవి ఉన్నాయి. అవి టైప్ చేసినవే కదా?

కంటికి తెలుగే, కంప్యూటర్‌కు మాత్రం కాదు. అను లాంటి పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు అక్షరం బొమ్మ కింద ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కోడ్ దాగి ఉంటుంది. అందుకే ఆ ఫైలును ఫాంటు లేని ఫోన్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అయితే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు గబగబా చదువుకుంటూ పోతుంది. ఒకసారి విన్నాక నాకు చాలా బాధేసింది, మన సీనియర్లు ఎంత కష్టపడి చేసిన నోట్స్ అవి!

దీనికి దారి యూనికోడ్, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ దాని సొంత కోడ్ ఉండే పద్ధతి. గౌతమి, నిర్మలా లాంటి ఫాంట్లు యూనికోడ్‌వే, ఫోన్‌లో మీరు టైప్ చేసే తెలుగు కూడా అదే. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక వత్తులు, సంయుక్తాక్షరాలు, అంకెలు తప్పకుండా సరిచూడండి, అక్కడే ఎక్కువ చెడిపోతాయి. పదేళ్ల నోట్స్ ఒకేసారి మార్చాలంటే ఎవరికైనా టెన్షనే. ఈ సెమిస్టర్‌లో చెప్పే యూనిట్లు ముందు మార్చండి, మిగతావి వాటి వంతు వచ్చినప్పుడు. బయట డీటీపీ చేయించేవాళ్లు మాత్రం ఇవాళ్టి నుంచే "యూనికోడ్‌లో చెయ్యి తమ్ముడూ, వర్డ్ ఫైలు కూడా ఇవ్వు" అని అడగండి.

స్క్రీన్ రీడర్ అంటే ఏంటి? దాన్ని కొనాలా?

తెరమీద ఉన్నదాన్ని పైకి చదివే సాఫ్ట్‌వేర్. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే పేరుతో ముందే ఉంటుంది, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద వెతకండి. విండోస్ కంప్యూటర్‌కు ఎన్‌వీడీఏ పూర్తిగా ఉచితం, 2006లో ఆస్ట్రేలియాలో ఇద్దరు అంధ యువకులు మొదలుపెట్టారు. అందులో తెలుగు గొంతు ఉంది, కొంచెం మరమనిషిలా పలుకుతుంది గానీ అలవాటైనవాళ్లు మనం అందుకోలేనంత వేగంగా వింటారు.

లెక్చరర్లకు నాది ఒక్క విన్నపం. ఒక సాయంత్రం టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని, మీరే గ్రూపులో పెట్టిన పీడీఎఫ్ తెరిచి వినండి. కుడివైపు వేలు జరిపితే తర్వాతి అంశానికి పోతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. ఆపడం ఎట్లాగో ముందే చూసి పెట్టుకోండి, లేకపోతే కంగారు పడతారు.

వర్డ్ ఫైల్‌లో ప్రత్యేకంగా ఏమైనా చేయాలా?

ముఖ్యంగా ఒక్కటే. శీర్షికను లావు అక్షరాల్లో పెట్టి వదిలేయకుండా, స్టైల్స్‌లో ఉండే హెడింగ్ వాడండి. ఎన్‌వీడీఏ వాడే విద్యార్థి హెచ్ కీ నొక్కుతూ ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు దూకుతాడు, మనం పేజీలు తిప్పినట్టు. హెడింగ్ లేకపోతే 30 పేజీల యూనిట్‌ను మొదటి నుంచి వినడమే గతి. పీడీఎఫ్ చేసేటప్పుడు ప్రింట్ నొక్కి పీడీఎఫ్‌గా దింపితే ఈ శీర్షికల అమరిక పోతుంది, సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ ఎంచుకోండి. పంక్తుల మధ్య కాస్త ఎడం ఉంచండి, కుడి అంచు సమానంగా రావాలని పదాలను సాగదీయకండి, డిస్లెక్సియా ఉన్నవాళ్లకు ఆ ఖాళీలు చదువును చెదరగొడతాయి.

పీపీటీల్లో రంగులు?

అక్షరానికీ వెనక రంగుకూ తేడా బాగా కనిపించాలి. వెబ్ ప్రమాణాల్లో మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5కు 1 నిష్పత్తి పెట్టారు, తెల్ల కాగితం మీద నల్ల అక్షరం 21కి 1. పసుపు మీద తెలుపు, ఎరుపు మీద నీలం వద్దు. "ఎర్రగా ఉన్నవి ముఖ్యమైనవి" అని చెప్పి వదిలేస్తే ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లకు ఏవి ముఖ్యమో అర్థం కాదు, పక్కన ఒక నక్షత్రం గుర్తో "ముఖ్యం" అనే మాటో పెట్టండి.

గ్రాఫులు, బొమ్మలు చూపు లేనివాళ్లకు ఎట్లా చెప్పాలి?

మాటల్లో. వర్డ్‌లో, పవర్‌పాయింట్‌లో బొమ్మ మీద కుడి క్లిక్ చేస్తే ఆల్ట్ టెక్స్ట్ అని వస్తుంది, అక్కడ రాసింది స్క్రీన్ రీడర్ చదువుతుంది. ఏం రాయాలన్నదే అసలు పని. నాగార్జునసాగర్ నీటిమట్టం గ్రాఫ్ ఒకటి పెట్టారనుకుందాం. "నీటిమట్టం గ్రాఫ్" అని రాస్తే ఏమీ చెప్పనట్టే. "జూన్ నుంచి డిసెంబర్ దాకా సాగర్ నీటిమట్టం. జూలై చివరిదాకా గీత కిందనే ఉంది, ఆగస్టులో నిటారుగా లేచింది, సెప్టెంబర్‌కు పూర్తి మట్టమైన 590 అడుగుల దగ్గరికి వచ్చి, నవంబర్ నుంచి మెల్లగా దిగింది" అని రాస్తే ఆ పిల్లవాడు కూడా దాని మీద ప్రశ్న అడగగలడు. ఈ అలవాటు వచ్చాక నా క్లాసే మారింది. ఇదివరకు బోర్డు మీద గీత గీసి "ఇది ఇట్లా వచ్చి ఇక్కడ కలుస్తుంది" అనేదాన్ని, ఇప్పుడు "ధర తగ్గేకొద్దీ డిమాండ్ గీత కుడివైపు కిందికి దిగుతుంది" అంటున్నాను, చూపున్న పిల్లలకూ అదే బాగా అర్థమవుతోంది.

లెక్కల సూత్రాలను ఫోటోగా అతికించకండి, వర్డ్‌లోని ఈక్వేషన్ టూల్‌తో రాయండి. అలంకారం కోసం పెట్టిన పూల బొమ్మలకు వివరణ అక్కర్లేదు, అవి అలంకారానికే అని గుర్తు పెట్టే వీలుంది.

వినపడని విద్యార్థులకు వీడియో పాఠాల్లో ఏం చేయాలి?

క్యాప్షన్లు కావాలి, అంటే మీ మాటలు కింద అక్షరాలుగా రావాలి. యాప్ తనంతట తానే వేసే క్యాప్షన్లను దిద్దకుండా వదలకండి, ముఖ్యంగా పేర్లు, సంవత్సరాలు, సబ్జెక్టు పదాలు. తప్పు క్యాప్షన్‌ను వినపడేవాళ్లు నవ్వుకుని వదిలేస్తారు, వినపడనివాళ్లు అదే నిజమనుకుని పరీక్షలో రాస్తారు. పాఠం ముందే రాసుకుని చదివే అలవాటుంటే ఆ రాత ప్రతిని వీడియోతో పాటు ఇచ్చేయండి, సగం పని అయిపోయినట్టే.

లైవ్ క్లాసులో మీ ముఖం మీద వెలుతురు పడాలి, కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ముఖం నల్లగా కనిపిస్తుంది. ఒకేసారి ఇద్దరు మాట్లాడకుండా చూడండి. ఎవరైనా ప్రశ్న అడిగితే దాన్ని మీరు మళ్లీ చెప్పి జవాబివ్వండి. లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే ఉచిత యాప్ ఎదుటివాళ్ల మాటలను తెలుగులోనూ అక్షరాలుగా చూపిస్తుంది, క్లాస్‌రూమ్‌లో ఫోన్ బల్ల మీద పెట్టుకోనివ్వండి. ఫోన్లు వద్దనే రూలును ఇక్కడ పట్టుకుని కూర్చోవద్దు.

పుట్టుకతో వినపడని చాలామందికి మొదటి భాష సైగల భాష, తెలుగు రాత వాళ్లకు రెండో భాష. వాళ్లు రాసిన వాక్యంలో వ్యాకరణం తప్పితే తెలివి తక్కువని అనుకోకండి. భారతీయ సైగ భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఢిల్లీలో మొదలైంది, అది తయారుచేసిన 10,000 పదాల సైగల నిఘంటువు వీడియోలుగా దొరుకుతుంది. అయినా దుబాసీ చేసే పని నిఘంటువు చేయలేదు, కాలేజీ దుబాసీని ఏర్పాటు చేయాలని అడగాల్సిందే.

సిగ్నల్ లేని ఊళ్ల నుంచి వచ్చేవాళ్ల సంగతి? వాళ్లకు వైకల్యం లేదు కదా?

పాఠం అందకపోవడం అక్కడా ఇక్కడా ఒకటే. అమ్రాబాద్ వైపు నల్లమలలో చెంచు పెంట (చెంచుల గూడెం) నుంచి వచ్చే అమ్మాయి సిగ్నల్ కోసం నడిచి పోవాలి. పాలమూరులో వలస పోయే ఇంట్లో ఫోన్ ఒక్కటే ఉంటే అది నాన్నతోనే పూణేకో బొంబాయికో పోతుంది. సాయంత్రం ఆరింటికి లైవ్ క్లాసు, హాజరు అక్కడే తీసుకుంటానంటే వీళ్లంతా రోజూ గైర్హాజరే.

ఆడియో పంపండి. అరగంట మాటను 32 కేబీపీఎస్ అనే చిన్న సైజు సెట్టింగ్‌లో దాచుకుంటే 7 ఎంబీకి కాస్త అటూ ఇటూ, అదే అరగంట వీడియో వందల ఎంబీ తింటుంది. బస్టాండులో సిగ్నల్ ఉన్నప్పుడు దింపుకుంటారు, ఇంటికి పోయి వింటారు. ఇదేమీ కొత్త సంగతి కాదు. మన సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో దేశంలోనే మొదటిదిగా మొదలైనప్పుడు పాఠాలు పుస్తకాల్లో, రేడియోలోనే వెళ్లాయి. టీవీ ఉన్న ఇళ్లకు టీ-శాట్ అనే తెలంగాణ ప్రభుత్వ పాఠాల ఛానెళ్లు ఉన్నాయి, మీ సిలబస్‌కు దగ్గరగా ఉన్న పాఠం ఏ రోజు వస్తుందో చూసి పిల్లలకు చెప్పండి. హాజరును లైవ్‌తో ముడిపెట్టకుండా వారంలో ఎప్పుడైనా ఇచ్చే రెండు ప్రశ్నల జవాబుతో తీసుకోవచ్చు.

ఇంటర్ దాకా తెలుగు మీడియం, డిగ్రీలో అంతా ఇంగ్లిష్. ఇది కూడా ఇందులోకే వస్తుందా?

నా లెక్కలో వస్తుంది. తండా పిల్లలకు ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లిష్, మహబూబ్‌నగర్‌లో ఉర్దూ మీడియం నుంచి వచ్చేవాళ్లు ఇంకొందరు. నేను ప్రతి యూనిట్ ముందు పది, పదిహేను పదాలకు తెలుగు వివరణ పెడతాను. ఎలాస్టిసిటీకి "వ్యాకోచత్వం" అని రాసి ఊరుకుంటే ఆ మాట ఇంకా భయపెడుతుంది. ఉప్పు ధర పెరిగినా అంతే కొంటాం, బత్తాయి ధర పెరిగితే డజనుకు బదులు అరడజను కొంటాం, ఆ తేడానే ఎలాస్టిసిటీ అని వాయిస్‌లో చెబితే నల్గొండ పిల్లలకు ఇక మరిచిపోయే పని ఉండదు.

ఆన్‌లైన్ పరీక్షల్లో టైమర్ అయిపోగానే మూసుకుపోతుంది. ఏం చేయాలి?

పరీక్ష పెట్టేవాళ్లు ముందే ఆ విద్యార్థికి టైం పెంచి పెట్టాలి. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం అర్హత ఉన్నవాళ్లకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనం, అంటే మూడు గంటల పరీక్షకు ఒక గంట. మూడ్ల్ లాంటి ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్లలో ఒక్కరికే సమయం పెంచే ఏర్పాటు ఉంది, లేని చోట అదే పేపర్‌ను వేరే లింకుగా ఇవ్వొచ్చు. క్లాసు టెస్టులకూ ఇది వర్తించేలా చూడండి, ఇంటర్నల్ మార్కులు పోయాక సెమిస్టర్ పరీక్షలో ఎంత టైం ఇచ్చినా ఏం లాభం?

వంకర అక్షరాలు చూసి టైప్ చేయమనే క్యాప్చా, కెమెరా ముందు కళ్లు ఆర్పమనే తనిఖీ, ఇవి చూపు లేనివాళ్లనూ, ముఖం దెబ్బతిన్నవాళ్లనూ గుమ్మం దగ్గరే ఆపేస్తాయి. యాసిడ్ దాడి బాధితులు, అంధులు వేసిన కేసుల్లో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ కేసులు బ్యాంకు కేవైసీ గురించే అయినా, కాలేజీలు కూడా చదవాల్సిన తీర్పు అది.

నాకు సదరం (వైకల్య) సర్టిఫికెట్ లేదు, లేదా వైకల్యం 40 శాతం కన్నా తక్కువ వచ్చింది. నాకేమీ రాదా?

ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు, వయసులో ఐదేళ్ల సడలింపు మాత్రం 40 శాతం, ఆపైన ఉన్నవాళ్లకే. వాటికి వైద్య పరీక్ష చేయించుకుని యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్ల గుర్తింపు కార్డు) తీసుకోండి, ఆలస్యం చేయకండి. పరీక్ష రాయడానికి సాయం సంగతి వేరు. చెయ్యి బిగుసుకుపోయి రాయలేని ఒక అభ్యర్థి కేసులో, వికాస్ కుమార్ కేసు అంటారు, సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో స్క్రైబ్ (చెబితే పరీక్ష రాసిపెట్టే మనిషి) సౌకర్యాన్ని 40 శాతం ఉన్నవాళ్లకే పరిమితం చేయకూడదని తేల్చింది. టైప్ చేసిన నోట్స్ అడగడానికైతే ఏ కార్డూ అక్కర్లేదు. దయచేసి లెక్చరర్లు నోట్స్ ఇవ్వడానికి సర్టిఫికెట్ చూపించమనకండి.

పుస్తకాలు దొరికే చోటేదైనా ఉందా?

సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ 2016 నుంచి ఉంది, అచ్చు పుస్తకం చదవలేనివాళ్లు సభ్యులు కావచ్చు. మీ పాఠ్యపుస్తకం అందులో లేకపోతే కాలేజీ స్కాన్ చేసి మార్చి ఇవ్వొచ్చు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ వైకల్యం ఉన్నవాళ్ల కోసం లాభాపేక్ష లేకుండా చేసే ఈ పనిని అనుమతిస్తుంది. లైబ్రేరియన్ గారు భయపడితే 52వ సెక్షన్ చూపించండి.

కాలేజీ పట్టించుకోకపోతే ఎవరిని అడగాలి?

ముందు ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా. కాలేజీలో, యూనివర్సిటీలో సమాన అవకాశాల విభాగం ఉంటే దానికి ఒక ప్రతి. ప్రభుత్వ కాలేజీ అయితే ఈ ఫిర్యాదుల కోసం ఒక అధికారిని నియమించాలని చట్టంలోనే ఉంది, ఎవరో అడిగి పేరు రాసుకోండి. అక్కడా కాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్. దరఖాస్తులో 2016 చట్టం 42వ సెక్షన్, యూజీసీ 2022లో ఉన్నత విద్యాసంస్థల కోసం తెచ్చిన యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు, ఈ రెండూ రాయండి.

మేం గెస్ట్ లెక్చరర్లం, పీరియడ్ లెక్కన డబ్బులు. ఇదంతా చేసే టైం ఎక్కడిది?

మీ మాట న్యాయమైనదే. జీతం లేని గంటల్లో పాత నోట్స్ మార్చమని మిమ్మల్ని అడిగే హక్కు ఎవరికీ లేదు, ఆ పని కాలేజీ డబ్బులిచ్చి చేయించాలి. మీరు రేపు ఎట్లాగూ చేయబోయే నోట్స్ మాత్రం ఫోటోకు బదులు మైకులో చెప్పి టైప్ చేయించండి. చేత్తో రాసే టైం కన్నా ఎక్కువ పట్టదు.

నేను స్టూడెంట్‌ని. మేడంని, సార్‌ని ఇవన్నీ అడగాలంటే భయంగా ఉంది.

అందరి ముందు అడగక్కర్లేదు, క్లాసు మొదలైన మొదటి వారంలోనే విడిగా మెసేజ్ పెట్టు. జబ్బు వివరాలు చెప్పాల్సిన పని లేదు, నీకేం కావాలో చెబితే చాలు. ఇట్లా రాయొచ్చు:

"నమస్తే మేడం. నేను బీఏ రెండో సంవత్సరం. నాకు అచ్చు అక్షరాలు కనిపించవు, ఫోన్‌లో స్క్రీన్ రీడర్‌తో చదువుకుంటాను. గ్రూపులో పెట్టే నోట్స్ ఫోటోలు అది చదవలేదు. టైప్ చేసిన ఫైలు గానీ, వాయిస్ గానీ పంపగలరా? రేపటి మూడో యూనిట్ నుంచి అయినా సరే. క్లాసు టెస్టుకు గంటకు 20 నిమిషాలు అదనంగా కావాలి. ఎట్లా చేయాలో తెలియకపోతే నేను ఫోన్‌లో చూపిస్తాను మేడం."

వారంలో జవాబు రాకపోతే ఇదే మెసేజ్‌ను తెల్లకాగితం మీద రాసి, తేదీ వేసి, ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకో.